కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకుకి 1512 లేజర్: డిటెక్టర్, డ్రైవర్, బేస్‌లైన్ మీద అలలు

పట్టాభిపురం_ఈసీఈ (గుంటూరు):
అందరికీ నమస్కారం. అమ్మోనియా ప్లాంట్ ఉన్న మిర్చి ఏసీల (కోల్డ్ స్టోరేజీల) మిషన్ రూములో లీకు పట్టడానికి డయోడ్ లేజర్ సెటప్ ఒకటి ముందుగా బెంచ్ మీద కడుతున్నాం. సరంజామా ఇదీ: 14 పిన్నుల బటర్‌ఫ్లై ప్యాకేజీలో అమ్మోనియా పీల్చుకునే 1512 నానోమీటర్ల డీఎఫ్‌బీ లేజర్ (ఒకే వేవ్‌లెంగ్త్ ఇచ్చే డయోడ్ లేజర్; లోపల దాన్ని చల్లబరిచే, వేడి చేసే టీఈసీ, ఉష్ణోగ్రత చూసే 10 కె థర్మిస్టర్), ఫైబర్ కొలిమేటర్ (వెలుగుని సమాంతర కిరణంగా చేసే లెన్స్), 10 సెంటీమీటర్ల గాజు సెల్, చివర 1 మిల్లీమీటరు ఇన్‌గ్యాస్ ఫొటోడయోడ్ (వెలుగుని కరెంటుగా మార్చే డిటెక్టర్), 1 మెగాఓమ్ ఫీడ్‌బ్యాక్‌తో ట్రాన్స్‌ఇంపిడెన్స్ యాంప్లిఫయర్ (ఆ కరెంటుని వోల్టేజీగా మార్చేది). ఆప్‌ఆంప్ ఓపీఏ140.

సందేహాలు: లేజర్ ఆన్ చేయగానే యాంప్లిఫయర్ అవుట్‌పుట్ పై రైల్‌కి (సప్లై వోల్టేజీ అంచుకి) అతుక్కుపోతోంది. లేజర్ని బాగా తగ్గించి చూస్తే ర్యాంప్ (లేజర్ కరెంటుని మెల్లగా పెంచుతూ పోవడం) మీద సైన్ వేవ్ లాంటి అలలు, సెల్ దగ్గర చెయ్యి పెడితే పక్కకి జరుగుతున్నాయి. ఇంతకీ 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 25) అమ్మోనియా దీంతో కనపడుతుందా? డీఎఫ్‌బీ ధర చూసి మామూలు ఫాబ్రీ-పెరో లేజర్ చాలదా అని కూడా అడుగుతున్నారు.

లైన్‌విడ్త్:
చివరి ప్రశ్నతో మొదలుపెడతా. చాలదండీ. 300 మైక్రాన్ల చిప్ ఉన్న ఫాబ్రీ-పెరో లేజర్‌లో మోడ్‌ల (లేజర్ వెలిగే విడివిడి వేవ్‌లెంగ్త్‌ల) మధ్య దూరం దాదాపు 1 నానోమీటరు, ఒకేసారి నాలుగైదు మోడ్‌లు వెలుగుతుంటాయి. గాలి పీడనం దగ్గర అమ్మోనియా లైన్ (అది వెలుగుని పీల్చుకునే సన్నటి వేవ్‌లెంగ్త్ పట్టీ) మొత్తం వెడల్పు సుమారు 0.05 నానోమీటర్లు, అంటే ఆరేడు గిగాహెర్ట్జ్. ఆ మోడ్‌లలో ఒకటి లైన్ మీద పడితే పడుతుంది, లేకపోతే లేదు. పైగా వేడికి ఫాబ్రీ-పెరో డిగ్రీకి 0.4, 0.5 నానోమీటర్లు జరుగుతుంది, మధ్యలో మోడ్ దూకుతుంది కూడా. డీఎఫ్‌బీలో గ్రేటింగ్ ఒకే మోడ్‌ని పట్టుకుని ఉంటుంది, డిగ్రీకి 0.1 నానోమీటరే జరుగుతుంది, కరెంటుతో మిల్లీఆంపియర్‌కి 0.008 దరిదాపు. అందుకే ఈ పనికి అది తప్పదు.

25 పీపీఎం లెక్క: 1512.24 దగ్గరి లైన్‌కి 1 పీపీఎం, 1 మీటరు దారిలో వెలుగు తగ్గేది లక్షలో ఒకటిన్నర వంతు. మీ 10 సెంటీమీటర్ల సెల్‌లో 25 పీపీఎం అంటే లక్షలో నాలుగు వంతులు. అది కష్టం. అదే మిషన్ రూములో 5 మీటర్ల అవతల కార్నర్ క్యూబ్ (వచ్చిన దిశలోనే వెలుగుని తిప్పికొట్టే అద్దం) పెట్టి వెలుగుని వెనక్కి రప్పిస్తే దారి 10 మీటర్లు, తగ్గుదల వెయ్యికి నాలుగు. అది హాయిగా కనపడుతుంది. బెంచ్ మీద 25 పీపీఎం కోసం కుస్తీ పట్టకండి. అక్కడ లైన్ దొరికిందా, ఎలక్ట్రానిక్స్ సరిగా ఉందా చూసుకుంటే చాలు.

బందరు_కాల్వ (విజయవాడ):
రైల్‌కి ఎందుకు అతుక్కుంటోందో ఒక గుణకారం చేస్తే తెలిసిపోతుంది. ఇన్‌గ్యాస్ డయోడ్ ఈ వేవ్‌లెంగ్త్ దగ్గర వాట్‌కి సుమారు 1 ఆంపియర్ ఇస్తుంది. 1 మిల్లీవాట్ పడితే 1 మిల్లీఆంపియర్. దాన్ని 1 మెగాఓమ్‌తో గుణిస్తే 1000 వోల్టులు! 1 మెగాఓమ్ అనేది నానోవాట్ల వెలుగుకి. మీకు 4.7 కిలోఓమ్‌లు పెట్టండి, 1 మిల్లీవాట్‌కి 4.7 వోల్టులు వస్తుంది.

ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ మర్చిపోవద్దు. డయోడ్, తీగ కలిపి 100 పికోఫారడ్లు అనుకుంటే, 11 మెగాహెర్ట్జ్ ఆప్‌ఆంప్‌తో 4.7 కె దగ్గర కనీసం 18 పికోఫారడ్లు ఉండాలి, లేకపోతే రింగింగ్ ఖాయం. అంత వేగం మీకు అక్కర్లేదు కాబట్టి 100 పికోఫారడ్ల ఎన్‌పీవో సిరామిక్ పెట్టేయండి, బ్యాండ్‌విడ్త్ 340 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. డయోడ్‌కి 5 వోల్టుల రివర్స్ బయాస్ ఇస్తే కెపాసిటెన్స్ తగ్గుతుంది, 1 మిల్లీఆంపియర్ దగ్గర సరళత కూడా బాగుంటుంది. డార్క్ కరెంటు పెరుగుతుంది గానీ అది నానోఆంపియర్లలో మాట, మిల్లీఆంపియర్ ముందు లెక్కలోకి రాదు.

చవక ఆప్‌ఆంప్ ఎల్ఎం358 పెడితే ఏమవుతుందని ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు: 4.7 కె దగ్గర దాని బయాస్ కరెంటు పెద్ద గొడవ కాదు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాని వేగమూ క్రాస్ఓవర్ డిస్టార్షనూ గొడవ. టీఎల్072 అయినా దానికన్నా మేలు.

పిన్‌డయోడ్_ఫ్యాన్:
నాయిస్ తగ్గాలంటే డిటెక్టర్‌ని కూడా టీఈసీతో చల్లబరచడం మంచిది కదా? చల్లబరిచిన ఇన్‌గ్యాస్ మాడ్యూళ్లు దొరుకుతున్నాయి.

బందరు_కాల్వ:
ఈ పనికి దండగ బ్రదర్. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద పడే వోల్టేజీ 50 మిల్లీవోల్టులు దాటిందంటే రెసిస్టర్ థర్మల్ నాయిస్ కన్నా వెలుగు షాట్ నాయిస్సే (ఫొటాన్లు విడివిడిగా పడటం వల్ల వచ్చేది) ఎక్కువ. ఇక్కడ దాదాపు 5 వోల్టులు పడుతోంది. 1 మిల్లీఆంపియర్ షాట్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 18 పికోఆంపియర్లు, అంటే సిగ్నల్‌లో కోటికి 0.2 వంతు కన్నా తక్కువ. పట్టుకోవాల్సింది లక్షల్లో వంతు. డిటెక్టర్ మీద ఎంత ఖర్చు పెట్టినా ఈ సెటప్‌లో ఒక్క పీపీఎం కూడా మెరుగుపడదు. చల్లబరచడం అనేది 1.7 మైక్రాన్లు దాటిన ఎక్స్‌టెండెడ్ ఇన్‌గ్యాస్‌కి, ఇండియం యాంటిమొనైడ్‌కి, మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌కి.

ఇంకో సంగతి. మన దగ్గర ఆగస్టులో గాలిలో తేమ చూశారుగా. సీలు సరిగా లేని కేసులో డిటెక్టర్‌ని 10 డిగ్రీలకి దించితే కిటికీ మీద మంచు బిందువులు పట్టి వెలుగే పోతుంది.

తాడేపల్లి_వేవ్‌గైడ్:
ఆ మాట వచ్చింది కాబట్టి: అమ్మోనియా అసలు బలమైన బ్యాండ్ 10 మైక్రాన్ల చుట్టూ ఉంది, అక్కడ శోషణ 1512 కన్నా వంద రెట్లకు పైగా ఎక్కువ. క్వాంటమ్ కాస్కేడ్ లేజర్ 1994లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చాక ఆ ప్రాంతం అందుబాటులోకి వచ్చింది. కాలుష్యాన్ని బిలియన్‌లో వంతుల్లో కొలిచేవాళ్లు అటే వెళ్తారు. కానీ దానికి పది వోల్టులకు పైన డ్రైవర్ కావాలి, పుట్టే వేడి వాట్లలో ఉంటుంది, మామూలు గాజు పనికిరాదు, జింక్ సెలెనైడ్ కిటికీలు కావాలి, డిటెక్టర్ ఎలాగూ చల్లబరచాల్సిందే. 25 పీపీఎం అలారానికి టెలికాం లేజర్ చాలు. ఇది నా అభిప్రాయం కాదు, లెక్కే అలా ఉంది.

అమరావతి_లాక్ఇన్:
డ్రైవర్ గురించి ఎవరూ చెప్పలేదు. బటర్‌ఫ్లై లేజర్లు ఎక్కువగా ఇక్కడే చస్తాయి.

ముందు టీఈసీ పోలారిటీ. లేజర్ కరెంటు పూర్తిగా ఆపి, టీఈసీకి 0.2 ఆంపియర్లు ఇచ్చి థర్మిస్టర్ ఓమ్‌లు చూడండి. చల్లబడితే విలువ పెరగాలి (25 డిగ్రీల దగ్గర 10 కె, డిగ్రీకి సుమారు 440 ఓమ్‌ల తేడా). తగ్గితే తీగలు తిరగబడ్డాయి. అలాగే కంట్రోలర్‌కి ఇస్తే చల్లబరచమన్న ప్రతిసారీ వేడి చేసి, ఇంకా చల్లబరచాలనుకుని ఇంకా వేడి చేసి, లేజర్ని కాల్చేస్తుంది. థర్మిస్టర్‌లో 100 మైక్రోఆంపియర్లు మించి పంపొద్దు, తన వేడి తనే చదువుతుంది.

వరస: టీఈసీ ఆన్, ఉష్ణోగ్రత నిలబడేదాకా ఆగడం, అప్పుడు కరెంటు సున్నా నుంచి మెల్లగా. ఆపేటప్పుడు తిరగేసి. లేజర్ ఆన్‌లో ఉండగా కనెక్టర్ పీకొద్దు, తిరిగి పెట్టేటప్పుడు డ్రైవర్ అవుట్‌పుట్ కెపాసిటర్లో నిండిన వోల్టేజీ ఒక్కసారిగా చిప్ మీద పడుతుంది. లేజర్ కాళ్లకి అడ్డంగా రివర్స్ దిశలో ఒక షాట్కీ డయోడ్ ఉంచండి, ఈ చిప్‌లు రివర్స్‌లో 2 వోల్టులే తట్టుకుంటాయి. చేతికి రిస్ట్ స్ట్రాప్, సోల్డరింగ్ ఐరన్ బిట్‌కి ఎర్త్.

దెబ్బ తిన్నదో లేదో తెలియాలంటే మొదటి రోజే ఎల్-ఐ కర్వ్ (కరెంటుకి వెలుగు ఎంతో చూపే గ్రాఫు) తీసి దాచుకోండి: సున్నా నుంచి 40 మిల్లీఆంపియర్ల దాకా ఒక్కో మిల్లీఆంపియర్ పెంచుతూ ఫొటోడయోడ్ కరెంటు రాసుకోవడమే. 10 మిల్లీఆంపియర్ల దగ్గర మోకాలు (లేజర్ వెలగడం మొదలయ్యే త్రెషోల్డ్) ఉన్న లేజర్ కొన్నాళ్లకి 18 దగ్గర మోకాలు చూపిస్తే ఈఎస్‌డీ (స్టాటిక్ కరెంటు) దెబ్బ తగిలినట్టు. మోకాలే లేకుండా నున్నగా పెరిగితే అది ఇక లేజర్ కాదు, ఖరీదైన ఎల్ఈడీ.

పట్టాభిపురం_ఈసీఈ:
అందరికీ ధన్యవాదాలు. 4.7 కె, 100 పికోఫారడ్లు పెట్టాక రైల్ సమస్య పోయింది. అలలు అలాగే ఉన్నాయి. 2ఎఫ్ (లేజర్ కరెంటుని ఊపి, ఆ ఊపుకి రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర చదివే సిగ్నల్) తీసినా బేస్‌లైన్ ఊగుతోంది. లైన్ ఏదో, అల ఏదో తేల్చుకోలేకపోతున్నాం. బెంచ్ ఫొటో పెట్టాం.

లైన్‌విడ్త్:
అసలు దొంగ ఇదే. రెండు సమాంతర తలాల మధ్య కొంచెం వెలుగు వెనక్కీ ముందుకీ తిరుగుతుంటే ఎటలాన్ అవుతుంది. నాలుగు శాతం తిరగ్గొట్టే మామూలు గాజు ముఖాలు రెండు ఎదురెదురుగా ఉన్నా చాలు, మీరు వెతికే లక్షో వంతు సిగ్నల్‌ని ముంచేసే అల వస్తుంది. దూరం 0.75 మైక్రాన్లు మారితే అల ఒక పూర్తి చుట్టు జరుగుతుంది. చెయ్యి పెడితే జరగడం దాని వల్లే. చేతి వేడికి సెల్ మౌంటు అంతకన్నా ఎక్కువే సాగుతుంది.

ఏ రెండు ముఖాలో కనిపెట్టడం తేలిక. ర్యాంప్‌లో పక్కపక్క శిఖరాల మధ్య ఎన్ని మిల్లీఆంపియర్లో చూడండి. ఈ లేజర్‌లో మిల్లీఆంపియర్ అంటే దాదాపు 1 గిగాహెర్ట్జ్. 15ని ఆ గిగాహెర్ట్జ్‌తో భాగిస్తే మధ్య దూరం సెంటీమీటర్లలో వస్తుంది (గాలిలో, గాజు లోపలైతే 15 బదులు 10). శిఖరాలు 6 మిల్లీఆంపియర్ల ఎడంలో ఉంటే రెండున్నర సెంటీమీటర్ల సందు ఎక్కడుందో వెతకండి. మీ ఫొటోలో కొలిమేటర్ లెన్స్‌కీ సెల్ కిటికీకీ మధ్య సరిగ్గా అంతే కనపడుతోంది.

అన్ని ఎటలాన్లూ ఒకలా బాధించవు. 1 మిల్లీమీటరు గాజు పలక ఇచ్చే అల 100 గిగాహెర్ట్జ్, లైన్ మీద అది వాలుగా మాత్రమే కనపడుతుంది, సరళరేఖ తీసేస్తే పోతుంది. 10 మీటర్ల దారి ఇచ్చేది 15 మెగాహెర్ట్జ్, అది మాడ్యులేషన్‌లోనే చెరిగిపోతుంది. అల వెడల్పు లైన్ వెడల్పుతో సమానంగా, ఆరేడు గిగాహెర్ట్జ్ ఉన్నప్పుడే 2ఎఫ్‌లో అమ్మోనియా లాగే వేషం వేస్తుంది. అంటే రెండు, మూడు సెంటీమీటర్ల సందులు అసలు ఉంచొద్దు.

అమరావతి_లాక్ఇన్:
దీనికి తోడు ఫైబర్ కనెక్టర్లు. పచ్చ రంగువి ఏపీసీ, చివర 8 డిగ్రీల వాలుగా అరిగి ఉంటాయి, తిరిగొచ్చే వెలుగు కోర్‌లోకి పోదు. నీలం రంగువి నిటారుగా ఉంటాయి. పచ్చదాన్ని నీలంలో గుచ్చితే మధ్యలో గాలి సందు మిగిలి రెండు చివరలూ పాడవుతాయి, అల ఉచితం. లేజర్ నుంచి కొలిమేటర్ దాకా అంతా పచ్చదే ఉండాలి.

ఫొటోడయోడ్‌ని వెలుగుకి ఎదురుగా కాకుండా 10 డిగ్రీలు పక్కకి తిప్పండి. సెల్ కిటికీలు అర డిగ్రీ వెడ్జ్ ఉన్నవి తీసుకోండి, సమాంతరంగా ఉన్న మామూలు గాజు వద్దు. లేజర్ ప్యాకేజీలో ఐసొలేటర్ (వెలుగుని ఒకవైపే పోనిచ్చేది) ఉందో లేదో డేటాషీట్‌లో చూసుకోండి. లేకపోతే తిరిగొచ్చే వెలుగు లేజర్నే కలవరపెడుతుంది, ఆ నాయిస్ ఏ లాక్ఇన్‌తోనూ (ఒక్క ఫ్రీక్వెన్సీనే ఏరి చదివే పద్ధతి) పోదు.

తాడేపల్లి_వేవ్‌గైడ్:
2ఎఫ్ సెట్టింగులు కూడా రాసేద్దాం: ర్యాంప్ 10 హెర్ట్జ్, దాని మీద 10 కిలోహెర్ట్జ్ సైన్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర డిటెక్షన్. సైన్ ఊపు లైన్ సగం వెడల్పుకి 2.2 రెట్లు ఉంటే 2ఎఫ్ శిఖరం గరిష్ఠం. ఇక్కడ సగం వెడల్పు 3 గిగాహెర్ట్జ్ అనుకుంటే అటూ ఇటూ ఆరున్నర గిగాహెర్ట్జ్ ఊపాలి. డీసీ లెక్కన అది ఆరేడు మిల్లీఆంపియర్లు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర లేజర్ అంత జరగదు కాబట్టి కొంచెం ఎక్కువే ఇచ్చి, శిఖరం పెరుగుతూ తగ్గడం మొదలైన చోట ఆపండి. 12 బిట్ల ఏడీసీతో (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్) నేరుగా ర్యాంప్ చదివితే ఒక్క మెట్టు నాలుగు వేలల్లో ఒక వంతు. సరాసరి తీయకుండా చాలదు. 16 బిట్లది సెకనుకి 2 లక్షల శాంపిళ్లతో పెట్టుకుని లాక్ఇన్ సాఫ్ట్‌వేర్‌లో చేయడం సుఖం.

2ఎఫ్‌ని 1ఎఫ్‌తో (ఊపు ఫ్రీక్వెన్సీ దగ్గరి సిగ్నల్‌తో) భాగించి వాడండి. అద్దం మీద దుమ్ము పట్టి వెలుగు సగానికి పడిపోయినా పీపీఎం రీడింగ్ మారదు. మిర్చి ఏసీలో ఇది అక్కరకొస్తుంది. టిక్కీలు దింపే వేళ ఎర్రదుమ్ము ఎక్కడికైనా పోతుంది.

పిన్‌డయోడ్_ఫ్యాన్:
లైన్ అసలు ఎక్కడుందో వెతకడం ఎలా? స్పెక్ట్రమ్ ఎనలైజర్ లేదు. ఫోన్ కెమెరాలో కనపడుతుందా?

లైన్‌విడ్త్:
కనపడదు. ఫోన్ కెమెరా సిలికాన్, అది 1100 నానోమీటర్లతో ఆగిపోతుంది. బీమ్ వరస చూడ్డానికి ఐఆర్ కార్డు (కనపడని వెలుగు పడితే మెరిసేది) కొనుక్కోవాలి.

లైన్‌కి: మూత బిగుతుగా ఉన్న సెల్‌లో లైకర్ అమ్మోనియా (నీళ్లలో కలిపిన అమ్మోనియా) రెండు, మూడు చుక్కలు చాలు, పై గాలిలో శాతాల్లో గ్యాస్ ఉంటుంది. 1 శాతం గ్యాస్‌కి 10 సెంటీమీటర్లలో ఒకటిన్నర శాతం గుంట, 2ఎఫ్ లేకుండానే స్కోప్ మీద కనపడుతుంది. ఇది ఫ్యూమ్ హుడ్‌లోనే. 300 పీపీఎం దగ్గరే ప్రాణాపాయ పరిమితి, సీసా మూత దగ్గర దానికి వందల రెట్లుంటుంది. కరెంటు 40 నుంచి 100 మిల్లీఆంపియర్లకి ర్యాంప్ చేస్తే సుమారు అర నానోమీటరు తుడిచేస్తుంది. ఉష్ణోగ్రత 15 నుంచి 35 దాకా 3 డిగ్రీల చొప్పున మార్చుకుంటూ పోతే 2 నానోమీటర్లు వెతికినట్టే.

కొలబద్ద కావాలంటే అసిటిలీన్ సెల్ వాడండి. దాని లైన్లు 1512.09, 1512.45 దగ్గర ఉన్నాయి, అమ్మోనియా 1512.24 సరిగ్గా ఆ రెంటి మధ్య పడుతుంది. ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది: మిషన్ రూములో గ్యాస్ కటింగ్ జరుగుతుంటే అసిటిలీన్ లీకు మీ స్కాన్‌లో కనపడొచ్చు. ఒక్క పాయింటు చూసి అలారం మోగించకుండా మొత్తం ఆకారం సరిపోల్చండి.

కొరిటెపాడు_క్యూసీ:
గ్యాస్ వైపు నుంచి నాలుగు మాటలు. అమ్మోనియా గోడలకి అంటుకుంటుంది, తడి ఉంటే మరీ. 100 పీపీఎం సిలిండర్ (మిగతా నైట్రోజన్) తెరిచి రెండు నిమిషాల్లో రీడింగ్ తక్కువ వచ్చిందని లేజర్ని తిట్టొద్దు. గొట్టాలు టెఫ్లాన్, ఫిట్టింగులు 316 స్టీల్. గ్యాస్ పారుతూనే అరగంట వదలండి, అంకె నిలబడ్డాక రాసుకోండి. ఇత్తడి, రాగి ఫిట్టింగులు అసలొద్దు, అమ్మోనియా వాటిని తినేస్తుంది. మిషన్ రూములో పెట్టే బోర్డులకి కూడా కన్ఫార్మల్ కోటింగ్ (పల్చటి రక్షణ పూత) వేయకపోతే రాగి ట్రాక్‌లు పచ్చబడతాయి.

అన్నట్టు, ఇదే సెటప్‌తో మిర్చి కాయ తేమ కూడా కొలవొచ్చా? యార్డు వాళ్ల నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తుంది.

తాడేపల్లి_వేవ్‌గైడ్:
కొలవొచ్చు గానీ లేజర్ ఎందుకండీ. ఘనపదార్థంలో నీటి బ్యాండ్ 1450 చుట్టూ వంద నానోమీటర్లకు పైగా పరుచుకుని ఉంటుంది. 1450 ఎల్ఈడీ ఒకటి, పోలికకి 1300 ఎల్ఈడీ ఒకటి, అదే ఇన్‌గ్యాస్ డయోడ్, రెంటి నిష్పత్తికి లాగ్. లేజర్ వాడితే గరుకు తలం మీద స్పెకిల్ (మిణుకు మచ్చలు) వచ్చి కాయ కదిలినప్పుడల్లా రీడింగ్ గంతులేస్తుంది. కాయ ఎరుపు ఎంతున్నా ఈ వేవ్‌లెంగ్త్‌ల దగ్గర తేడా రాదు, అది దీనిలో సుఖం. కష్టమల్లా మెరిసే తోలు, ఎండిన తోలు కింద తడిగా ఉండే తొడిమ. దంచిన శాంపిల్‌తో, వెలుగు 45 డిగ్రీల్లో వేసి చూడాలి. క్యాలిబ్రేషన్‌కి ఓవెన్ అంకె నమ్మొద్దు, ఆవిరయ్యే నూనెలు కూడా అందులో పోతాయి. సుగంధ ద్రవ్యాలకి ఐఎస్‌ఓ 939 చెప్పేది టోలుయిన్‌తో డిస్టిలేషన్. ఇంకా కావాలంటే వేరే థ్రెడ్ తెరుద్దాం.

బందరు_కాల్వ:
సైట్‌లో పెట్టేటప్పుడు రెండు సంగతులు. మే నెలలో మిషన్ రూము బాక్సు లోపల 55 డిగ్రీలు దాటుతుంది. లేజర్ని 20 డిగ్రీల దగ్గర నడపాలంటే టీఈసీ 35 డిగ్రీల తేడా మొయ్యాలి, హీట్‌సింక్ చిన్నదైతే ఓడిపోతుంది, అక్కడి నుంచి లైన్ జారిపోతుంది. ఆర్డరిచ్చేటప్పుడే 1512.24 అనేది 30, 35 డిగ్రీల దగ్గర రావాలని అడగండి. లేజర్ వేడి మీద నడిస్తే త్రెషోల్డ్ కొంచెం పెరుగుతుంది, ఆయుష్షు కొంత తగ్గుతుంది, అయినా ఆ బేరమే నయం.

కరెంటు పోయి డీజిల్ జనరేటర్ అందుకునే క్షణంలో వచ్చే స్పైకులకి లేజర్ డ్రైవర్ని నేరుగా మెయిన్స్ మీద ఉంచొద్దు. 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ చార్జింగులో ఉంచి, దాని మీంచి లీనియర్ రెగ్యులేటర్‌తో ఇవ్వండి.

పట్టాభిపురం_ఈసీఈ:
శిఖరాల ఎడం కొలిస్తే 6 మిల్లీఆంపియర్లే వచ్చింది. కొలిమేటర్‌ని 12 సెంటీమీటర్లు వెనక్కి జరిపి, డయోడ్ తిప్పాక అల చాలావరకు పడుకుంది. మిగిలింది సెల్ రెండు కిటికీల మధ్యది అనుకుంటున్నాం, ఎడం ఒకటిన్నర మిల్లీఆంపియర్లు. ఆఖరి ప్రశ్న: రూములో బీమ్ ఎత్తు ఎంత? అలారం ఎంత దగ్గర?

కొరిటెపాడు_క్యూసీ:
అమ్మోనియా గాలి కన్నా తేలిక, చిన్న లీకు పైకి పోతుంది. కాబట్టి ఒక బీమ్ కంప్రెసర్ల పైన, కప్పుకి దగ్గరగా. కానీ ద్రవం లైన్ పగిలితే చల్లటి పొగమంచులా నేల మీద పాకుతుంది, దాన్ని పై బీమ్ ఆలస్యంగా చూస్తుంది. రిసీవర్ ట్యాంకు పక్కన మోకాలెత్తున రెండోది ఉండాలి. అలారం మెట్లు 25, 35 పీపీఎం: మొదటిది 8 గంటల సగటు పరిమితి, రెండోది 15 నిమిషాలది. 300కి ఆటోమేటిక్ షట్‌డౌన్. బీమ్ ఇచ్చేది దారి పొడుగునా సగటు అని గుర్తుంచుకోండి. 10 మీటర్ల దారిలో ఒక మీటరు మేర 250 ఉన్నా మీకు 25 అనే కనపడుతుంది. అందుకని ఇప్పుడున్న ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు వాల్వు గ్లాండ్ల దగ్గర అలాగే ఉంచండి, తీసేయొద్దు.

అమరావతి_లాక్ఇన్:
కార్నర్ క్యూబ్‌ని గోడకి బిగించండి, కంప్రెసర్ బెడ్‌కి కాదు. క్యూబ్ వణికినా బీమ్ దిశ మారదు గానీ కొలిమేటర్ వణికితే మారుతుంది. డిటెక్టర్ ముందు 25 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి, ఫోకస్‌కి కాస్త ముందే డయోడ్ ఉంచితే మచ్చ 1 మిల్లీమీటరు చిప్ అంచు దాటదు. సెల్ కిటికీలు మార్చాక 1.5 గిగాహెర్ట్జ్ అల ఎంత మిగిలిందో ఇక్కడ పెట్టండి.